కొండ ఎవరిది, తాడు ఎవరిది, మాట ఎవరిది

మా సిమిలిగుడ నుంచి ఆదివారం పూట దేవ్‌మాలి ఎక్కి చూడండి, తిరునాళ్లలా ఉంటుంది. సాలూరు ఘాట్ ఎక్కి వచ్చిన విజయనగరం బళ్లు, విశాఖ కార్లు, జయపురం నుంచీ సునాబెడ నుంచీ వచ్చిన కుటుంబాలు, డబ్బాల్లో పులిహోర, గాలికి ఎగిరిపోతున్న చున్నీలు. ఒడిశా మొత్తమ్మీద ఎత్తైన శిఖరం అదే, 1,672 మీటర్లు. పోయిన చలికాలం అమెరికా నుంచి వచ్చిన మేనల్లుణ్ణి తీసుకుని మేమూ వెళ్లాం. పైన చలిగాలికి తట్టుకోలేక అందరం ఒక బండ చాటున చేరి ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటుంటే మా బావ అన్నాడు, కింద నుంచి ఇక్కడికి ఒక రోప్‌వే వేస్తే మన ఊళ్ల దశ తిరిగిపోతుంది అని. వాళ్లబ్బాయి టీ గ్లాసు పక్కన పెట్టి, "వేస్తే అది ఎవరిదవుతుంది నాన్నా?" అని అడిగాడు.

బావ గవర్నమెంటుది అన్నాడు. నేను కంపెనీది అన్నాను. మా అక్క, "కొండ ఎవరిదైతే వాళ్లదే కదా" అంది. ముగ్గురం మూడు మాటలు చెప్పాం. ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదని తర్వాత చదువుకుంటే తెలిసింది.

మేనల్లుడు ఉండేది ఐడహో రాష్ట్రంలో బోయిసీ అనే ఊళ్లో, చిప్‌లు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. ఆ ఊరికి ఆనుకుని బోగస్ బేసిన్ అని ఒక స్కీ కొండ ఉంది. చలికాలం వాడు వారం వారం అక్కడికే పోతాడు. "ఆ కొండ మీద లాభం పంచుకునే యజమాని ఎవరూ లేరు మావయ్యా, 1942 నుంచీ అంతే" అన్నాడు. యజమాని లేకుండా అన్ని లిఫ్టులు, అంత జీతాల ఖర్చు, అన్ని కోట్ల వ్యవహారం ఎలా నడుస్తుందో నాకు అంతుపట్టలేదు. ఆ తర్వాత నెల్లాళ్లు దొరికిందల్లా చదివాను. మంచు పడని మన జిల్లాలో ఈ గోల మనకెందుకు అని మీకు అనిపించవచ్చు, కానీ చదివే కొద్దీ ఇది మన కొండల కథే అనిపించింది.

ముందు స్కీ కొండ అంటే ఏంటో రెండు మాటల్లో చెప్తాను. మంచు పడే కొండ వాలు మీద చెట్లు కొట్టి దారులు చేస్తారు, మనుషుల్ని పైకి చేర్చడానికి ఇనప తాడుకి కుర్చీలు వేలాడదీసి చైర్‌లిఫ్ట్ పెడతారు, జనం పైనుంచి కాళ్లకి పలకలు కట్టుకుని జారుకుంటూ దిగుతారు. ఆదాయం ఏడాదిలో నాలుగైదు నెలలే. లిఫ్టు మరమ్మతులు, ఇన్సూరెన్సు, బాకీల మీద వడ్డీ మాత్రం 12 నెలలూ ఉంటాయి. మంచు సరిగ్గా పడకపోతే ఆ నాలుగు నెలలూ పోయినట్టే. వర్షం మీద ఆధారపడి బతికే మన మెట్ట రైతుకి ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక యాజమాన్యం సంగతి. 'ఈ కొండ ఎవరిది' అన్న ప్రశ్నలో మూడు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. నేల ఎవరిది? తాడు ఎవరిది, అంటే లిఫ్టులు, మోటార్లు, టికెట్ కౌంటరు, కింద క్యాంటీను, వ్యాపారం నడుపుకునే హక్కు ఎవరివి? మాట ఎవరిది, అంటే టికెట్ ధర ఎంత, ఏ చెట్టు కొట్టాలి, అమ్మాలా వద్దా అన్నది తేల్చేది ఎవరు? మన ఇళ్లలో తాతగారి ఇల్లు తీసుకోండి. స్థలం తాతగారి పేరున ఉంటుంది, పైగదులు పెద్దకొడుకు కట్టించి ఉంటాడు, అద్దెకి ఎవర్ని దింపాలో నానమ్మ చెప్తే తప్ప జరగదు. ఇల్లు ఎవరిదంటే ఏం చెప్తాం?

ఈ ముడి విప్పకుండా సంతకాలు పెడితే ఏమవుతుందో యూటా రాష్ట్రంలో పార్క్ సిటీలో జరిగింది. అక్కడ పౌడర్ అనే కంపెనీ కొండ నడిపేది. కింద బేస్, పార్కింగ్ స్థలం వాళ్లవే, లిఫ్టులు వాళ్లవే. పైన జనం జారే వాలు నేల మాత్రం టాలిస్కర్ అనే మరో కంపెనీది, పాతకాలపు లీజు కాబట్టి అద్దె ఏడాదికి లక్షన్నర డాలర్ల చిల్లర, అంత పెద్ద వ్యాపారానికి అది ఏ మూలకీ రాని సొమ్ము. 2011లో లీజు పొడిగించమని గడువులోగా ఉత్తరం పెట్టాలి. ఆ ఉత్తరం గడువు దాటాక వెళ్లింది, ఒకట్రెండు రోజుల తేడా. లీజు అయిపోయిందని నేలగలవాళ్లు అన్నారు, పౌడర్ కోర్టుకెక్కింది. ఈలోగా వెయిల్ రిసార్ట్స్ అనే పెద్ద కంపెనీ టాలిస్కర్ దగ్గర నేల హక్కులు తీసుకుంది. ఒకరి దగ్గర పైన కొండ, ఇంకొకరి దగ్గర కింద పార్కింగ్, మధ్యలో తాడు. చివరికి 2014 సెప్టెంబర్‌లో పౌడర్ తన వాటా మొత్తం 18.25 కోట్ల డాలర్లకి వెయిల్‌కే అమ్ముకుని తప్పుకుంది. ఈ రెండు మూడేళ్లలో ఆ ఊళ్లో దుకాణాలు, హోటళ్లు పెట్టుకున్నవాళ్లు ఎంత టెన్షన్‌తో గడిపి ఉంటారో ఊహించండి. వాళ్లు ఆ లీజులో ఎక్కడా లేరు. వాళ్ల బతుకు మాత్రం ఆ లీజు మీదే ఉంది.

అమెరికా పడమటి రాష్ట్రాల్లో చాలా స్కీ కొండల నేల అసలు ఎవరి సొంతమూ కాదు, కేంద్ర ప్రభుత్వ అటవీ శాఖది. వాళ్ల నేల మీద 120కి పైగా స్కీ కొండలు నడుస్తున్నాయి. 1986లో వచ్చిన చట్టం ప్రకారం పర్మిట్ 40 ఏళ్ల దాకా ఇవ్వచ్చు. బదులుగా వచ్చే ఆదాయంలో ఒకటిన్నర నుంచి నాలుగు శాతం దాకా ఫీజు కట్టాలి, ఆదాయం పెరిగితే శాతం పెరుగుతుంది. అంటే వెయిల్ లాంటి కంపెనీ కూడా అలాంటి చోట కౌలుదారే. ఇది నాకు చాలా నచ్చిన ఏర్పాటు, ఎందుకంటే నడిపేవాడు మారినా నేల అమ్ముడుపోదు. కానీ దీనిలో ఒక లోటు ఉంది. కంపెనీ చేతులు మారేటప్పుడు కొత్త నడిపేవాడికి అర్హత ఉందా అని శాఖ చూస్తుంది, పర్మిట్ ఇస్తుంది. ఊరివాళ్లకి వీటో లేదు. నేల జనానిదే, మాట మాత్రం జనానిది కాదు.

చిన్న కొండలు ఎందుకు తగ్గిపోతున్నాయో ఇప్పుడు చూద్దాం. 1980ల మొదట్లో అమెరికాలో 700కి పైగా స్కీ కొండలు ఉండేవి, ఇప్పుడు 500 లోపు. పెద్దవాళ్లు మింగేశారు అని ఒక్క మాటలో తేల్చేస్తుంటారు గానీ, పోయినవాటిలో చాలా భాగం ఎవరూ కొనక మూతపడినవే. ఒకే కుటుంబం రెండు తరాలు నడిపి, మూడో తరానికి ఆసక్తి లేక, లిఫ్టు పాతబడి, కొత్తది పెట్టడానికి బ్యాంకు అప్పు ఇవ్వక ఆగిపోయినవి. మన రైసు మిల్లులు ఎన్ని ఇలా ఆగిపోలేదూ!

మెయిన్ రాష్ట్రంలో శాడిల్‌బ్యాక్ అనే కొండ కథ సరిగ్గా ఇదే. ఒక కుటుంబం ప్రేమగా నడిపింది. ఒక పాత లిఫ్టు మార్చడానికి అప్పు పుట్టక 2015లో మూసేశారు. కింద రేంజ్‌లీ అనే చిన్న ఊరు. ఊరివాళ్లు ఫౌండేషన్ పెట్టి తామే కొనాలని ప్రయత్నించారు, కుదరలేదు. ఆ తర్వాత ఒక విదేశీ కంపెనీ కొంటామని ప్రకటించింది, అదీ కుదరలేదు. ఐదు చలికాలాలు కొండ ఖాళీగా ఉంది. 2020లో వెనకబడిన ప్రాంతాల్లో పెట్టుబడి పెట్టే ఒక ఫండ్ 65 లక్షల డాలర్లకి కొని, కొత్త లిఫ్టు పెట్టి, అదే ఏడాది డిసెంబర్‌లో తెరిచింది. ఊరు బతికింది. కానీ ఫండ్ అంటే ఫండే, పెట్టిన డబ్బు ఏదో ఒక రోజు తిరిగి రావాలి. అప్పుడు కొండని ఎవరికి అమ్ముతారన్న ప్రశ్న రేంజ్‌లీ మీద అలాగే వేలాడుతోంది.

పెద్ద కంపెనీల ఎత్తుగడ అర్థం కావాలంటే సీజన్ పాస్, అంటే చలికాలమంతటికీ ఒకేసారి కొనే టికెట్, సంగతి తెలియాలి. దీనికి దారి చూపింది విచిత్రంగా మా మేనల్లుడి కొండే. 1998లో బోగస్ బేసిన్ వాళ్లు 500 డాలర్లున్న సీజన్ పాస్‌ని ఒక్కసారిగా 199 డాలర్లకి దించారు. పిచ్చి పని అనుకున్నారంతా. జనం ఎగబడ్డారు, 20 వేలకి పైగా పాస్‌లు అమ్ముడుపోయాయి. మంచు పడక ముందే డబ్బు చేతికొచ్చింది, ఇక మంచు పడినా పడకపోయినా జీతాలకి భయం లేదు. 2008లో వెయిల్ కంపెనీ ఈ ఆలోచననే పెద్దదిగా చేసి 579 డాలర్లకి ఎపిక్ పాస్ తెచ్చింది, ఒక్క పాస్‌తో వాళ్ల కొండలన్నీ తిరగచ్చు. 2018లో పోటీగా ఆల్టెరా కంపెనీ ఐకాన్ పాస్ తెచ్చింది. వెయిల్ చేతిలో ఇప్పుడు 40కి పైగా కొండలు. ఇంకో పక్క రోజువారీ టికెట్ వెయిల్ కొండ మీద రద్దీ రోజుల్లో 300 డాలర్లు దాటిపోయింది. ముందే పాస్ కొనేయమని గట్టిగా నెట్టడం అన్నమాట.

స్వతంత్రంగా ఉన్న చిన్న కొండకి దీనివల్ల ఊపిరాడదు. ఊళ్లో కుర్రాడు కూడా పెద్ద పాస్ కొనుక్కుని దూరం పోతాడు. దీనికి విరుగుడుగా 2019లో ఇండీ పాస్ అని వచ్చింది. చిన్న స్వతంత్ర కొండలన్నీ ఎవరి యాజమాన్యం వాళ్ల దగ్గరే ఉంచుకుని ఒకే పాస్ కింద చేరాయి, ఒక్కో చోట రెండు రోజులు తిరగచ్చు. అది నాకు మన సంతని గుర్తు చేసింది. ఎవరి బుట్ట వాళ్లదే, చేరే చోటు మాత్రం ఒక్కటే.

పెద్ద కంపెనీ వస్తే అంతా చెడే అని నేను అనను. లిఫ్టులు కొత్తవి వస్తాయి, నష్టం వచ్చిన ఏడాదిని వేరే కొండ లాభం మోస్తుంది. ఒక చోట మంచు పడకపోతే ఇంకో చోట పడుతుంది, కాబట్టి వాళ్లు మునగరు. దెబ్బంతా కింద పనిచేసేవాళ్ల మీద పడుతుంది. అదే పార్క్ సిటీలో 2024 డిసెంబర్ చివర్న స్కీ పెట్రోల్, అంటే కొండ మీద జనాన్ని కాపాడే సిబ్బంది, గంటకి 21 డాలర్ల మొదటి జీతాన్ని 23 చేయమని సమ్మెకి దిగారు. దాదాపు రెండు వారాలు, అదీ సెలవుల రద్దీలో. చాలా లిఫ్టులు కదల్లేదు. వేల డాలర్లు పెట్టి వచ్చినవాళ్లు క్యూలో నిలబడ్డారు. ఆ రెండు డాలర్ల సంగతి తేల్చాల్సినవాళ్లు పక్క రాష్ట్రంలో హెడ్డాఫీసులో ఉన్నారు.

డబ్బు కోసం ఎవర్నైనా నమ్మేస్తే ఏం జరుగుతుందో వెర్మాంట్‌లో జే పీక్ చెప్తుంది. ఇది మన తెలుగువాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఈబీ-5 అని, 5 లక్షల డాలర్లు పెట్టుబడి పెడితే గ్రీన్ కార్డుకి దారి దొరికే పథకం ఉంది కదా (ఇప్పుడు మొత్తం పెరిగింది), ఆ పథకం కింద ఎన్నో దేశాల వాళ్ల దగ్గర డబ్బు తెచ్చి అక్కడ హోటళ్లు, నీటి పార్కు కట్టారు. 2016 ఏప్రిల్‌లో అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ కోర్టుకి వెళ్లింది, 20 కోట్ల డాలర్లకి పైగా పక్కదారి పట్టిందని ఆరోపించింది. యజమాని నేరం ఒప్పుకుని జైలుకెళ్లాడు. కోర్టు నియమించిన రిసీవర్ ఆరేళ్లు నడిపి 2022లో 7.6 కోట్ల డాలర్లకి ఇంకో కంపెనీకి అమ్మారు. ఆ గొడవల్లోనూ కొండ నడిచింది, అది ఆ సిబ్బంది గొప్పతనం.

ఇప్పుడు నేను ఎక్కువసేపు ఆగిపోయిన కొండ దగ్గరికి వస్తున్నాను. వెర్మాంట్‌లోనే మ్యాడ్ రివర్ గ్లెన్. 1948లో తెరిచారు. స్థాపించినాయన రోలండ్ పాల్మెడో, పక్కనున్న స్టో అనే స్కీ ఊళ్లో వ్యాపార హడావిడి ఎక్కువైందని విసిగి, స్కీ మీద ఇష్టం ఉన్నవాళ్లకే అని ఈ కొండ మొదలుపెట్టాడు. మనిషికొక్క కుర్చీ ఉండే లిఫ్ట్ పెట్టాడు. 1970లలో చేతులు మారి, చివరికి బెట్సీ ప్రాట్ అనే ఆవిడ చేతికొచ్చింది. ఆవిడకి వయసు మీద పడుతోంది. అమ్మితే కొనేవాడు అపార్ట్‌మెంట్లు కడతాడు, ఒంటి కుర్చీ పీకేస్తాడు. ఆవిడ ఆ దారి పోలేదు. అక్కడికి రోజూ వచ్చే జనానికే అమ్మింది. 1995 డిసెంబర్‌లో సహకార సంఘం కొండని కొనేసింది, అమెరికాలో స్కీయర్లు సహకార సంఘంగా ఏర్పడి కొన్న మొదటి స్కీ కొండ అదే.

ఇక్కడ కిటుకంతా నియమావళిలో ఉంది. ఒక మనిషికి నాలుగు షేర్లకి మించి ఇవ్వరు. ఎన్ని షేర్లున్నా ఓటు ఒక్కటే. అంటే కోటీశ్వరుడు వచ్చి సగం షేర్లు కొనేసి మాట తనది చేసుకోలేడు. షేరు ఉన్న ప్రతివాళ్లూ ఏటా కొంత డబ్బుకి టికెట్లో, పాసో, భోజనమో ముందుగానే కొనాలని కూడా పెట్టారు, కొని మూలన పడేసే షేరు కాదు అది. ఒంటి కుర్చీ లిఫ్టు పాతబడి ప్రమాదం అనిపించినప్పుడు రెండు కుర్చీలది పెడితే ఎక్కువ మంది ఎక్కుతారన్న వాదన వచ్చింది. సభ్యులు ఒంటి కుర్చీనే ఉంచుకుందామన్నారు. ఎక్కువ మందిని పైకి పంపితే కొండ మీద మంచు త్వరగా అరిగిపోతుంది, రద్దీ పెరుగుతుంది. సుమారు 17 లక్షల డాలర్లు పోగుచేసి 2007లో దాన్నే కొత్తగా కట్టుకున్నారు. స్నోబోర్డు వాళ్లని, అంటే రెండు కాళ్లూ ఒకే పలక మీద పెట్టి జారేవాళ్లని, ఇప్పటికీ రానివ్వరు, అది నాకు అన్యాయంగానే తోస్తుంది, కానీ ఆ అన్యాయం కూడా వాళ్లు ఓటేసి చేసుకున్నదే.

సహకార సంఘం అనగానే మనకి గుర్తొచ్చేది వేరు. ధాన్యం అమ్మడానికి మనం వెళ్లే ల్యాంప్స్ కూడా సహకార సంఘమే. మా నాన్న ఒక సంఘంలో చాలా ఏళ్లు సభ్యుడిగా ఉన్నాడు. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం జరిగినట్టు పుస్తకంలో ఉండేది, సంతకం మాత్రం ఇంటికొచ్చి పెట్టించుకుపోయేవారు. ఆయన పోయాక ఆ షేరు ఏమైందని అడిగితే సరైన జవాబు చెప్పినవాళ్లు లేరు. సహకారం అన్న పేరు బోర్డు మీద ఉంటే చాలదని నాకు చిన్నప్పటి నుంచే తెలుసు. వెర్మాంట్ వాళ్ల దగ్గర నేను చూసిన తేడా ఒక్కటే, సభ్యులు నిజంగా సమావేశానికి వెళ్తారు, లెక్కలు అడుగుతారు. వెళ్లకపోతే వాళ్ల సంఘానికీ మన సంఘానికీ పట్టే గతి ఒకటే.

సహకార సంఘం ఒకటైతే లాభాపేక్ష లేని సంస్థ ఇంకొకటి. బోగస్ బేసిన్ అలాంటిది, మోంటానాలో బోజ్‌మన్ ఊరి కొండ బ్రిడ్జర్ బౌల్ కూడా. ఇక్కడ షేర్లే ఉండవు. అమ్ముకోవడానికి ఎవరి దగ్గరా వాటా లేదు కాబట్టి కంపెనీ వచ్చి కొనడానికి ఏమీ దొరకదు. మిగిలిన డబ్బు మళ్లీ కొండ మీదే పెట్టాలి. బోర్డు అని ఊరి పెద్దలు కొందరుంటారు, మాట వాళ్లది. ఆ పెద్దలు మంచివాళ్లయితే బంగారం. ఊరితో సంబంధం తెగిపోతే మాత్రం అడిగే ఓటరు కూడా లేడు, ఇది ఈ పద్ధతిలో బలహీనత. మేనల్లుడితో ఇదే అంటే వాడు కాసేపు ఆలోచించి, "నిజమే మావయ్యా, బోర్డులో ఎవరున్నారో నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు.

ఓరెగాన్‌లో మౌంట్ ఆష్‌ల్యాండ్ కొండని నడుపుతున్న కంపెనీ వదిలేసుకుంటుంటే 1992లో ఊరు ఊరంతా చందాలు వేసుకుని నిలబెట్టుకుంది, ఇప్పుడు లాభాపేక్ష లేని సంఘం నడుపుతోంది. ఎంత ప్రేమతో కొనుక్కున్నా 2013-14 చలికాలంలో మంచే పడలేదు. కొండ ఒక్క రోజు కూడా తెరవలేదు, 50 ఏళ్ల చరిత్రలో మొదటిసారి. పేరు ఎవరి మీద ఉన్నా మేఘం వినదు. పెద్ద కంపెనీకి వేరే కొండలుంటాయి, ఊరి కొండకి ఒక్కటే. అందుకే చిన్నవాళ్లంతా ఇప్పుడు ఎండాకాలం ఆదాయం వెతుక్కుంటున్నారు. అటవీ శాఖ నేల మీద జిప్ లైన్లు, కొండ సైకిలు దారులు పెట్టుకోవచ్చని 2011లో చట్టం చేశారు. బోగస్ బేసిన్ 2017లో పట్టాల మీద కొండ దిగే కోస్టర్ పెట్టింది, పిల్లలు వరస కడతారట.

ప్రభుత్వమే నడిపితే సరిపోదా అని బావ మళ్లీ అడుగుతాడు, తెలుసు. న్యూ హాంప్‌షైర్‌లో గన్‌స్టాక్ అనే కొండ అచ్చంగా బెల్క్‌నాప్ కౌంటీది, అంటే మన జిల్లా పరిషత్ సొంతం లాంటిదనుకోండి. లాభాల్లోనే ఉంది. అయినా 2022 జులైలో దాని మీద పెత్తనం చేసే కమిషన్‌లో రాజకీయం ముదిరి, జనరల్ మేనేజరుతో సహా పై అధికారులంతా ఒకేసారి రాజీనామా చేశారు. వేసవి వ్యాపారం నడుస్తుండగా కొండ రెండు వారాలు మూతపడింది. జనం రోడ్డెక్కి, ప్రతినిధుల్ని నిలదీసి, వాళ్లని వెనక్కి తెచ్చుకున్నారు. నేల జనానిది, తాడు జనానిది, మాట కొద్దిమంది చేతిలో ఇరుక్కుంది. అడిగే హక్కు ఉండబట్టి రెండు వారాల్లో విడిపించుకోగలిగారు. ప్రైవేటు కొండ అయితే ఎవర్ని నిలదీస్తారు?

మన దేశంలో స్కీ కొండలు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. గుల్‌మార్గ్ గొండోలా (రోప్‌వే) జమ్మూకశ్మీర్ ప్రభుత్వ కార్పొరేషన్‌ది, మొదటి దశ 1998లో, రెండోది 2005లో మొదలై దాదాపు 4 వేల మీటర్ల ఎత్తుకి తీసుకెళ్తుంది. ఉత్తరాఖండ్‌లో ఔలీకి జోషీమఠ్ నుంచి 1990లలో రోప్‌వే వేశారు. 2023 జనవరిలో జోషీమఠ్‌లో వందల ఇళ్లు బీటలు వారినప్పుడు ఆ రోప్‌వే ఆగిపోయింది. ఔలీలో మంచు చాలక జాతీయ పోటీలు రద్దయిన ఏళ్లూ ఉన్నాయి. అక్కడ తాడు ప్రభుత్వానిదే. బీటలు వారిన గోడలు మాత్రం ఇళ్లవాళ్లవి.

ఇంకో కథ నన్ను వదలదు. 2005-06లో మనాలి దగ్గర హిమాలయన్ స్కీ విలేజ్ అని సుమారు 30 కోట్ల డాలర్ల ప్రాజెక్టు తలపెట్టారు, వెనక ఉన్నాయన కార్ల హెన్రీ ఫోర్డ్ మునిమనవడు ఆల్‌ఫ్రెడ్ ఫోర్డ్. రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. కుల్లూ లోయ జనం 2006లో నగ్గర్‌లో జగతీ పెట్టారు, అంటే లోయలోని దేవతలందర్నీ పిలిచి వాళ్ల గూర్‌ల, అంటే దేవత తరఫున పలికేవాళ్ల, నోట మాట అడిగే సభ. దేవతలు వద్దన్నారు. ప్రాజెక్టు కాగితాల మీదే ఉండిపోయింది.

ఇది చదివినప్పుడు రాయగడ జిల్లావాళ్లకి ఒళ్లు జలదరిస్తుంది. నియమగిరిలో బాక్సైట్ తవ్వకం సంగతి సుప్రీం కోర్టుకి వెళ్తే, 2013 ఏప్రిల్ 18న తీర్పు వచ్చింది, కొండ మీద ఆరాధన హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలని. మన ఒడిశాలో ఊరి స్థాయి సభని పల్లిసభ అంటాం కదా, ఆ జులై, ఆగస్టుల్లో రాయగడలో 7, కలహండిలో 5, మొత్తం 12 ఊళ్లలో పల్లిసభలు పెట్టారు. అక్కడి ఆదివాసీలైన డోంగ్రియా కొంధ్‌లు, మిగతా ఊరివాళ్లు తమ దేవుడు నియమరాజా కొండని ఇవ్వమని 12 చోట్లా చెప్పారు. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. రికార్డుల్లో ఆ నేల అటవీ శాఖదే. ఓటు పడిన రోజు మాట మాత్రం ఆ ఊళ్లదయింది. మ్యాడ్ రివర్ వాళ్లు డబ్బు పెట్టి కొనుక్కున్న ఓటుని, డోంగ్రియాలు అక్కడ పుట్టి, అక్కడే ఉండి సంపాదించుకున్నారు. నా దృష్టిలో రెండోదే బలమైనది.

ఇక దేవ్‌మాలికి వద్దాం. మన కోరాపుట్ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం. 1956 నాటి 2వ రెగ్యులేషన్ 2002లో కఠినమయ్యాక ఆదివాసీ భూమి ఆదివాసీయేతరుల పేరున మారడానికి వీల్లేదు, మన ఆంధ్రా చుట్టాలు 1/70 అంటారే, దాని లాంటిదే. అరకు దాటితే అనంతగిరి మండలం, అక్కడి గొడవ మీదే 1997లో సమతా తీర్పు వచ్చింది, ఆంధ్రాలో షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు మైనింగ్ కంపెనీలకి లీజుకివ్వకూడదని. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక హక్కుల్ని ఊళ్లకి గుర్తిస్తుంది. కాబట్టి నేల సంగతిలో మనకి చట్టం అండ ఉంది. మాలాంటి తెలుగు కుటుంబాలు ఇక్కడ మూడు తరాలుగా ఉన్నా, ఈ కొండల మీద మొదటి మాట కొండ కింది పల్లెలదేనని మనం ఒప్పుకోవాలి. మా కిరాణా కొట్టు, మా హోటలు, మా టాక్సీ ఆ తర్వాతే.

తాడు సంగతి వేరు. 2022-23 బడ్జెట్‌లో కేంద్రం పర్వతమాల అని రోప్‌వేల కార్యక్రమం ప్రకటించింది, ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో. 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన సోన్‌ప్రయాగ్-కేదార్‌నాథ్ రోప్‌వే 12.9 కిలోమీటర్లు, 4,081 కోట్లు. కంపెనీయే కట్టి, కొన్నేళ్లు నడుపుకుని, తర్వాత ప్రభుత్వానికి అప్పగించే పద్ధతి. ఏ కొండ మీదికి రోప్‌వే వచ్చినా దాదాపు ఇదే అచ్చులో వస్తుందని నా అంచనా. అప్పుడు బావ మాటా నిజమే, నా మాటా నిజమే: నేల గవర్నమెంటుది, తాడు కంపెనీది. మా అక్క అన్నదానికే కాగితంలో గడి ఉండదు.

ఆ గడి పెట్టించుకోవడానికి స్కీ కొండలు నేర్పిన సంగతులు నాకు కొన్ని కనిపిస్తున్నాయి. లీజు ఎన్నేళ్లు, పొడిగించేటప్పుడు పల్లిసభని అడగాలని రాశారా. నడిపే కంపెనీ ఇంకొకరికి అమ్ముకుంటే ఊరి అనుమతి కావాలా, ముందుగా ఊరి సంఘానికి కొనే అవకాశం ఇస్తారా. టికెట్‌లో ఎంత శాతం కింది పంచాయతీలకి వస్తుంది, అది లాభం మీదా, మొత్తం ఆదాయం మీదా. ఇక్కడ జాగ్రత్త, లాభం లెక్కల్లో సున్నా చూపించడం తేలిక, మొత్తం ఆదాయాన్ని దాచడం కష్టం, అమెరికా అటవీ శాఖ ఫీజు కూడా ఆదాయం మీదే వేస్తుంది. వానాకాలం నాలుగు నెలలు, పొగమంచు రోజులు తాడు తిరగకపోతే పనివాళ్ల జీతం ఎవరు మోస్తారు. మూతపడితే స్తంభాలు పీకి కొండని మళ్లీ కొండలా చేసే ఖర్చు ముందే డిపాజిట్ చేశారా. చివరిది అందరూ మర్చిపోతారు. అమెరికాలో మూతపడ్డ కొండల మీద తుప్పు పట్టిన లిఫ్టు స్తంభాలు అడవిలో అలాగే నిలబడి ఉన్న ఫోటోలు మేనల్లుడు పంపాడు, చూస్తే మనసు కలుక్కుమంటుంది.

అక్కకి ఇదంతా చదివి వినిపించాను. మొత్తం విని, "అయితే ఆ వెర్మాంట్ వాళ్ల నియమాల పుస్తకం తెప్పించు" అంది. మేనల్లుడు పంపిస్తానన్నాడు. అది రాగానే ముందు తెలుగులోకి, మా పక్కింటి మాస్టారి సాయంతో ఒడియాలోకి మార్చాలి. కువి మాట్లాడే పల్లెల్లో చదివి వినిపించడానికి ఎవరైనా ముందుకొస్తారేమో పొట్టంగిలో అడుగుతున్నాను.